‘ఉబుంటు లైఫ్‌టైమ్ ఫ్రీ’ అని అంటగట్టే సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లతో జాగ్రత్త

సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొందామనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం ప్రాసెసర్, దాంతోపాటు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి. దాంతో ఆఫీసుల్లో వాడి వదిలేసిన ఆరో తరం, ఏడో తరం మెషీన్లు షాపుల్లో పేరుకుపోతున్నాయి. వాటిని వదిలించుకోవడానికి కొందరికి దొరికిన దారి లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. ఉబుంటు, మింట్ అందులో రకాలు. లైనక్స్ మీద నాకేమీ కోపం లేదు, నేనూ వాడతాను. దాని పేరు చెప్పి చేసే వ్యాపారం గురించే ఈ పోస్టు.

మా అక్కావాళ్లు ఈమధ్య అలాంటిదే ఒకటి కొన్నారు. ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, ధర 15,500 రూపాయలు. బిల్లులో దాని కింద ఇంకో లైను: ‘ఉబుంటు ఓఎస్ లైఫ్‌టైమ్ లైసెన్స్, 1,500’. షాపు బోర్డు మీద ‘లైఫ్‌టైమ్ ఫ్రీ’, బిల్లులో 1,500! ‘‘వైరస్ రాదు సార్, ఫార్మాట్ కొట్టించే పనే ఉండదు, అచ్చం విండోస్ లాగే ఉంటుంది’’ అని మా బావగారికి చెప్పి పంపించారు.

ముందు ఆ 1,500 సంగతి. ఉబుంటు వాడుకోవడానికి లైసెన్స్ కొనాల్సిన పనే లేదు. దాని వెబ్‌సైటు నుంచి ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఎన్ని మెషీన్లలోనైనా పెట్టుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేసినందుకు కూలి అడిగితే తప్పు లేదు, అది పనికి ఇచ్చే డబ్బు. లేని లైసెన్స్ పేరుతో బిల్లు రాయడం మాత్రం మోసమే.

మెషీన్ చూడమని అక్క పిలిస్తే వెళ్లాను. సెట్టింగ్స్‌లో అన్నిటికన్నా కింద వివరాల పేజీ ఒకటి ఉంటుంది. అందులో ఉబుంటు 18.04 అని ఉంది. అంటే 2018 ఏప్రిల్‌లో వచ్చిన వెర్షన్. ఇలాంటి ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే) వెర్షన్లకు మామూలు అప్‌డేట్లు ఐదేళ్లు వస్తాయి. దీనికి 2023లోనే ఆగిపోయాయి. సొంత వాడకానికి ఐదు మెషీన్ల దాకా ఉచితంగా ఇచ్చే ఉబుంటు ప్రో పెట్టుకుంటే పదేళ్ల దాకా లాగొచ్చు. ఆ మాట షాపులో చెప్పినవాడు లేడు, పెట్టి ఇచ్చినవాడూ లేడు. విండోస్ 10కి ఇక సెక్యూరిటీ లేదని భయపెట్టి, అంతకన్నా రెండేళ్ల ముందే అప్‌డేట్లు ఆగినదాన్ని చేతిలో పెట్టారన్నమాట.

సరే, కొత్త వెర్షన్‌కు మారుద్దామని మొదలుపెడితే పాస్‌వర్డ్ అడిగింది. బావగారికి ఇచ్చిన పాస్‌వర్డ్ కొడితే ఒప్పుకోలేదు. చూస్తే ఆయనది మామూలు యూజర్ అకౌంటు. అడ్మిన్ అకౌంటు ఇంకొకటి, షాపు పేరుతో, లాగిన్ స్క్రీన్ మీద దర్జాగా కూర్చుని ఉంది. ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించాలన్నా, సిస్టమ్ అప్‌గ్రేడ్ చేయాలన్నా దాని పాస్‌వర్డే కావాలి. ఫోన్ చేస్తే ‘‘తీసుకురండి సార్, సర్వీస్ ఛార్జి 300 అవుతుంది’’ అన్నారు. నాకు అన్నిటికన్నా ఒళ్లు మండింది ఇక్కడే. డబ్బు పోసి కొన్న ఇంటికి తాళంచెవి బ్రోకర్ దగ్గర ఉన్నట్టుంది ఈ యవ్వారం.

అసలు ఇబ్బంది ఆ తర్వాత బయటపడింది. మా బావగారు గుడి కమిటీలో ఉన్నారు. ఉత్సవాలకు కరపత్రాలు వేయించడం, దాతల పేర్లు సరిచూడటం ఆయన పని. డీటీపీ సెంటర్ వాళ్లు ఇచ్చే ఫైళ్లన్నీ పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లలో ఉంటాయి. పేజ్‌మేకర్ ఫైల్ ఉబుంటులో తెరుచుకోలేదు. అదే మేటర్ వర్డ్ ఫైల్‌గా పంపించమంటే పంపారు, ఉబుంటులో వర్డ్‌కు బదులుగా ఉండే లిబ్రే ఆఫీస్‌లో అది తెరుచుకుంది. కానీ పైన స్వామివారి పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, నెత్తిన చుక్కలు గీతలు ఉన్న ఏవో గుర్తులు, మధ్యలో ప్లస్సులు. పేజీ నిండా అదే. బావగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు పాపం.

కారణం ఏమిటంటే, అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని మెషీన్లకూ అర్థమయ్యే ఉమ్మడి అక్షరాల పద్ధతి) కావు. ఇంగ్లిష్ అక్షరాలు ఉండాల్సిన గళ్లలో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టిన పాత పద్ధతి అది. ఆ ఫాంట్ లేని మెషీన్‌లో అడుగున ఉన్న ఇంగ్లిష్ గుర్తులే కనిపిస్తాయి. ఫాంట్ ఫైల్ తెచ్చి వేసుకుంటే చదవడం వరకు కుదరొచ్చు. టైప్ చేయడానికి కావలసిన అను స్క్రిప్ట్ మేనేజర్ మాత్రం విండోస్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్. ఇది వినగానే లైనక్స్‌లో తెలుగు రాదనుకోకండి, యూనికోడ్ తెలుగు బ్రహ్మాండంగా వస్తుంది. భారతీయ భాషల కోసం చేసిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతీ ఉంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్లు లైనక్స్‌ను తెలుగులోకి తేవడానికి ఏళ్లుగా పనిచేశారు. వాట్సాప్, మెయిల్, వికీపీడియా వరకే మీ తెలుగు అయితే ఏ చిక్కూ లేదు. ప్రెస్సుకు వెళ్లే తెలుగు అయితేనే చిక్కు.

మేనకోడలిది ఇంకో టెన్షన్. దాని ఆన్‌లైన్ పరీక్షకు సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ కావాలన్నారు. అది విండోస్‌కు, ఆపిల్ మెషీన్లకు వస్తుంది, లైనక్స్‌కు రాదు. చివరికి ఫ్రెండ్ లాప్‌టాప్ తెచ్చుకుని రాసింది. లెక్కలు రాసే ట్యాలీ కూడా విండోస్ సాఫ్ట్‌వేరే. పెన్‌డ్రైవ్ లాంటి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పెట్టి ఫైలింగ్‌లు చేసేవాళ్లు అయితే ఇటువైపు రాకపోవడమే మంచిది, లైనక్స్‌లో ఆ డ్రైవర్ల తంటా పడటం ఇంట్లో అయ్యే పని కాదు. ఆధార్ ఓటీపీతో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వెరిఫై చేసుకునే మామూలు ఉద్యోగికి ఆ గొడవ లేదు, బ్రౌజర్ చాలు.

మరి ఎవరికి పనికొస్తుంది? యూట్యూబ్, వార్తలు, మెయిల్, అమెరికాలో ఉన్న పిల్లలతో వీడియో కాల్, నాలుగు పీడీఎఫ్‌లు. అంతవరకే వాడకం అయితే భేషుగ్గా పనికొస్తుంది. మా అమ్మానాన్నల పాత మెషీన్‌లో లైనక్స్ మింట్ నేనే వేసిపెట్టాను. స్టార్ట్ మెనూ, కింద పట్టీ అన్నీ అలవాటైన చోటే ఉంటాయి కాబట్టి వాళ్లు తడబడలేదు. కాకపోతే ఏదైనా ఆగితే చూడటానికి ఇంట్లో నేనున్నాను. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఉబుంటు మీద తయారుచేసిన సిస్టమ్‌తోనే కంప్యూటర్ నేర్చుకుంటారు, చక్కగా నేర్చుకుంటారు. అక్కడ వెనకాల కైట్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. మీ వెనకాల ఎవరున్నారో చూసుకోండి.

షాపువాళ్లు ఇచ్చిన రెండో సలహా ఇంకా ప్రమాదం. ఇబ్బందులు చెప్పగానే ‘‘అయితే విండోస్ 11 వేసేస్తాం, 800 ఇవ్వండి’’ అన్నారు. అది ఆరో తరం మెషీన్. ప్రాసెసర్, టీపీఎం తనిఖీలను దాటవేసి, క్రాక్‌తో (లైసెన్స్ లేకుండా నడిపించే దొంగ సాఫ్ట్‌వేర్‌తో) యాక్టివేట్ చేసి ఇస్తారు. అలాంటి మెషీన్లకు అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. క్రాక్ పనిచేయడానికి చాలాసార్లు యాంటీవైరస్‌ను కూడా ఆపేస్తారు. ఆ మెషీన్‌లోనే మీరు బ్యాంకు లాగిన్ కొడతారు.

కొత్త లాప్‌టాప్ ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ‘డాస్’ అని రాసి ఉంటే లైనక్స్ అనుకోకండి. ఆన్ చేస్తే నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు తప్ప ఏమీ ఉండవు. విండోస్ అసలుది కొనాలంటే పైన పదివేలకు అటూఇటూ అవుతుంది. అది కలుపుకుని లెక్క వేయండి.

షాపుకు వెళ్లేటప్పుడు ఉబుంటు గానీ మింట్ గానీ వేసిన పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకెళ్లండి. అధికారిక సైటు నుంచే డౌన్‌లోడ్ చేసి, చెక్‌సమ్ (ఫైల్ అసలుదేనా అని తేల్చుకునే నంబరు) కూడా సరిపోల్చుకోండి. 2016 ఫిబ్రవరిలో మింట్ సైటునే హ్యాక్ చేసి దొంగ ఫైల్ పెట్టారు. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి వైఫై, సౌండ్, కెమెరా చూడండి. మూత మూసి తెరిస్తే మళ్లీ లేస్తుందో లేదో చూడండి. పెన్‌డ్రైవ్ పెట్టనివ్వం అంటే ఆ షాపు వదిలేయండి. ప్రాసెసర్ తరం నంబరులోనే ఉంటుంది: ఐ5-6300 అంటే ఆరోది, ఐ5-8250 అంటే ఎనిమిదోది. ఇంట్లో ప్రింటర్ ఉంటే దాని మోడల్‌కు లైనక్స్ డ్రైవర్ ఉందో లేదో ముందే వెతకండి.

బిల్లు మీద ఓఎస్ వెర్షన్ నంబరు, అడ్మిన్ పాస్‌వర్డ్ ఇచ్చినట్టు ఒక ముక్క రాయించుకోండి. మాకు పనికొచ్చింది 1,500 ‘లైసెన్స్’ అని రాసిన ఆ బిల్లే. 1915కు (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాక షాపువాళ్లు ‘లైసెన్స్’ డబ్బు 1,500 వెనక్కి ఇచ్చారు, అడ్మిన్ పాస్‌వర్డూ చెప్పారు. మెషీన్ మాత్రం వెనక్కి తీసుకోం అంటున్నారు. 5 లక్షల లోపు కొనుగోలుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు కాబట్టి బావగారు అక్కడ కేసు వేయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నారు.