పక్కింటి పెద్దాయన జింటీ ఇంజన్‌కు మళ్లీ ప్రాణం పోసిన రిపేరు షాపు

మేముండేది ఇంగ్లండ్‌లో, డర్బీలో. పక్కింటి పెద్దాయన ఇల్లు మారుతూ తన చిన్ననాటి బొమ్మ రైలింజన్‌ను మా అబ్బాయి చేతిలో పెట్టారు. ట్రయాంగ్ అనే బొమ్మ రైళ్ల కంపెనీ వాళ్ల ఆర్.52, నల్ల జింటీ (జింటీ అంటే ఒక రకం చిన్న బ్రిటిష్ ఆవిరి ఇంజన్‌కు ముద్దుపేరు). 1950లలో వాళ్ల నాన్న కొనిచ్చారట. మా బొమ్మ రైళ్ల లేఅవుట్ ఏమో డీసీసీ, అంటే ఒక్కో ఇంజన్‌కు విడిగా డిజిటల్ ఆదేశాలిచ్చి నడిపే పద్ధతి. పట్టాలు పీకో కంపెనీ కోడ్ 100 రకం. దాని మీదే ఈ ఇంజన్ నడవాలని మావాడి పట్టుదల.

మొదట నేనే డీకోడర్ (ఆ ఆదేశాలు అందుకుని మోటారును నడిపే చిప్) తెచ్చి బిగించాను. పవర్ ఇవ్వగానే పొగ. ఇందులోని ఎక్స్.04 మోటారులో రెండు బ్రష్‌లనూ (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) ఒకే స్ప్రింగ్ నొక్కి పట్టుకుంటుంది. స్ప్రింగ్ ఒక కాలికి మాత్రమే కరెంటు ఆపే చిన్న తొడుగు ఉంటుంది, రెండో కాలి నుంచి కరెంటు ఛాసిస్‌లోకి (ఇంజన్ లోహపు చట్రంలోకి) వెళ్తుంది. డీసీసీలో మోటారు బ్రష్‌లకు ఛాసిస్‌తో కరెంటు సంబంధమే ఉండకూడదు. ఆ సంగతి ఈ షాపాయన చెప్పాకే తెలిసింది.

షాపు చిన్నది, ఆయన ఒక్కరే. ఇంజన్ తిప్పి చూసి, ‘రంగు ముట్టుకోమంటారా, వద్దా?’ అని ముందే అడిగారు. వద్దన్నాను. క్యాబ్ లోపల పెద్దాయన చిన్నప్పుడు పిన్నుతో గీసుకున్న పేరు మొదటి అక్షరం ఉంది. అది చెక్కుచెదరకుండా తిరిగొచ్చింది. నాకు ఈ షాపు మీద గురి కుదిరింది అందుకే.

స్ప్రింగ్ రెండో కాలికీ తొడుగు వేసి, రెండు బ్రష్‌లకూ డీకోడర్ నుంచి విడి వైర్లు ఇచ్చారు. బ్రష్‌లు కొత్తవి. గడ్డకట్టిన పాత నూనె కడిగి, బేరింగుల దగ్గర ఫెల్టు ముక్కలకు చుక్క చొప్పున కొత్త నూనె పట్టించారు. బలం తగ్గిన అయస్కాంతం స్థానంలో నియోడిమియం పెట్టారు. దాంతో మోటారు లాగే కరెంటు బాగా తగ్గి, డీకోడర్ వేడెక్కడం లేదు.

అసలు పనితనం చక్రాల్లో ఉంది. పాత ట్రయాంగ్ చక్రాల అంచులు లోతు, జంట చక్రాల మధ్య లోపలి ఎడం తక్కువ. మా పాయింట్ల (పట్టాలు చీలే చోట్ల) మీదికి రాగానే ఎక్కి పడిపోయేవి. అంచులను లేత్ మీద సన్నం చేసి, ఎడం 14.5 మిల్లీమీటర్లకు సరిచేశారు. ఇప్పుడు ఏ పాయింట్ దగ్గరా తడబడదు.

మూడు వారాలన్నారు, ఏడు పట్టింది. మధ్యలో ఒక్క ఫోన్ లేదు. పాత ఇంజన్ పోయిందేమోనని బాగా టెన్షన్ పడ్డాను. బిల్లు 68 పౌండ్లు, చేసిన పనికి ఎక్కువేమీ కాదు. మరీ నెమ్మదిగా నడిపితే కొంచెం కుదుపు ఉంటుంది. మూడు పోల్‌ల మోటారు కదా, ఆ మాట ఆయన ముందే చెప్పారు.

తీసేసిన పాత అయస్కాంతాన్నీ బ్రష్‌లనూ కవరులో పెట్టి, మీద పేరు రాసి మరీ ఇచ్చారు. పనిమంతుడు. మీ ఇంజన్ ఇస్తే మాత్రం వారానికోసారి మీరే ఫోన్ చేసి అడుగుతుండండి.