డెబియన్ 12 సర్వర్: అన్నీ బాగున్నాయి, ఆ తొందరే ఎక్కువ

ఇంట్లో మూలన పడున్న పాత డెస్క్‌టాప్‌కి డెబియన్ 12 (ఒక రకం లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసి ఏడాదిన్నర దాటింది, ఒక డేటాబేస్, రెండు చిన్న వెబ్‌సైట్లు నడుస్తున్నాయి, కరెంటు పోతే తప్ప ఆగింది లేదు. అంతవరకు పేరు పెట్టడానికేం లేదు కాబట్టి నాకు పడనిది చెప్తా.

దాదాపు ఏ సర్వర్ ప్యాకేజీ అయినా ఇన్‌స్టాల్ కొట్టామా, మనం అడక్కుండానే దాని సర్వీస్ (వెనకాల నడిచే ప్రోగ్రామ్) స్టార్ట్ అయిపోద్ది. పెళ్లిచూపులకి రమ్మంటే ముహూర్తం పెట్టుకుని వచ్చినట్టు! అపాచీ అనే వెబ్ సర్వర్ వేస్తే మనం కాన్ఫిగ్ ఫైల్ తెరిచేలోపే పోర్ట్ 80 (వెబ్ పేజీలకి వాడే దారి) మీద కూర్చుని నెట్‌వర్క్‌లో అందరికీ డిఫాల్ట్ పేజీ చూపిస్తుంటది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ అయితే ఇంకో అడుగు ముందే, 'మెయిన్' అని ఒక క్లస్టర్ (డేటాబేస్‌లన్నీ ఉండే చోటు) కూడా తనే క్రియేట్ చేసేసుకుంటది. నాకు డేటా రెండో డిస్క్ మీద కావాలి, లొకేల్ (భాష, అక్షరక్రమం సెట్టింగ్) వేరే కావాలి, అందుకని అది పీకేసి మళ్లీ కట్టుకున్నా. ముందు postgresql-common ప్యాకేజీ ఒక్కటే వేసి, createcluster.conf ఫైల్‌లో 'మెయిన్' క్లస్టర్ తనే కట్టుకునే ఆప్షన్ ఫాల్స్ పెట్టి, ఆ తర్వాత అసలు ప్యాకేజీ వేస్తే సరిపోయేదని తర్వాత తెలిసింది, చదవకుండా దిగింది నేనే లెండి.

ఫెడోరా అనే ఇంకో లినక్స్‌లో ఈ గొడవ లేదు, చాలావరకు సర్వీసులు మనం ఎనేబుల్ చేస్తేనే లేస్తాయి. కాకపోతే కొత్తవాళ్లు "ఇన్‌స్టాల్ చేశా, పేజీ రావట్లేదేంటి" అని తల పట్టుకునేది కూడా అక్కడే. డెబియన్‌లో పోస్ట్‌గ్రెస్, మరియాడీబీ (ఇంకో డేటాబేస్) డిఫాల్ట్‌గా లోకల్‌హోస్ట్ మీదే, అంటే అదే మెషీన్ నుంచి వచ్చేవే వింటాయి, బయటికి తలుపు తెరవవు, ఆ మాత్రం జాగ్రత్త ఉంది. అయినా నా ఓటు ఫెడోరా పద్ధతికే, ఇన్‌స్టాల్ వేరు, స్టార్ట్ వేరు.

డెబియన్‌లో ఆపాలంటే దారుంది. /usr/sbin ఫోల్డర్‌లో policy-rc.d అని చిన్న స్క్రిప్ట్ పెట్టి, ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇచ్చి, 101 ('వద్దు' అని చెప్పే కోడ్)తో ఎగ్జిట్ అయ్యేలా రాస్తే ఇన్‌స్టాల్ అప్పుడు ఏదీ లేవదు. ఒకటి రెండు సర్వీసులకైతే ముందే మాస్క్ చేసుకోవడం (అసలు స్టార్ట్ అవ్వకుండా బిగించేయడం) ఈజీ.

5కి 4 ఇస్తా. ఆ స్క్రిప్ట్ పెడితే మాత్రం పనయ్యాక తీసేయండి, నేను మర్చిపోయా. సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చినా సర్వీస్ రీస్టార్ట్ అవ్వక పాత వెర్షనే మెమరీలో నడుస్తూ ఉంది, రెండు వారాలకి గానీ చూసుకోలేదు.