నమూనా రైళ్లు మన తర్వాత ఎవరి చేతికి? డీలరా, వేలమా, క్లబ్బా

ఈ రెండేళ్లలో నన్ను ఈ ప్రశ్న అడగని వాళ్లు తక్కువ. మా నమూనా రైళ్ల క్లబ్బులో డెబ్బై దాటిన సభ్యులు అడిగారు. వాళ్ల భార్యలు పక్కకు పిలిచి అడిగారు. లెస్టర్‌లో ఉండే ఇద్దరు తెలుగు మిత్రులు ఫోన్లో అడిగారు. చివరికి పోయిన సంక్రాంతి నాడు మా ఆవిడే అడిగింది: "మీకేమైనా అయితే ఈ పెట్టెలు ఎవరికి ఇవ్వాలండీ? నాకు ఒక్క ఇంజిను పేరైనా తెలియదు."

ఇంగ్లండులో మా డెర్బీ ఇంట్లో పై గదిలో అరవై రెండు ఇంజిన్లు ఉన్నాయి, బోగీలూ వ్యాగన్లూ దానికి నాలుగింతలు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత నాలుగు నెలలు ఆలోచించి, నలుగురినీ అడిగి, నా మటుకు ఒక నిర్ణయానికి వచ్చాను. అడిగిన వాళ్లందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం విడదీయాలి. లేఅవుట్ వేరు, సామాను వేరు. లేఅవుట్ అంటే పట్టాలు, స్టేషన్లు, వంతెనలతో బల్లల మీద కట్టిన నమూనా రైలు మార్గం. ఇంజిన్లు, బోగీలు పెట్టెల్లో పెట్టి ఎక్కడికైనా పంపవచ్చు. లేఅవుట్ మాత్రం అది కట్టిన గదికీ, కట్టిన మనిషికీ అతుక్కుని ఉంటుంది. కాలిఫోర్నియాలోని మాంటెరేలో జాన్ ఆలెన్ కట్టిన గోరీ అండ్ డిఫీటెడ్ అనే లేఅవుట్ పేరు వినని మోడలరు ఉండడు. ఆయన 1973 జనవరిలో గుండెపోటుతో పోయారు. పది రోజులకే నిప్పంటుకుని అది చాలా మటుకు కాలిపోయింది. అంత ఘోరం అందరికీ జరగదు కానీ, ఎక్కువ లేఅవుట్ల చివరి రోజు రంపంతోనే ముగుస్తుంది. మా క్లబ్బు పెద్దాయన ఒకరి గ్యారేజీలో ముప్పై ఏళ్ల పనిని మేం ఆరుగురం ఒక్క ఆదివారంలో కోసి బయట పెట్టాం. మిగిలినవి సిగ్నల్ క్యాబిన్ ఒకటి, రెండు వంతెనలు, ఒక స్టేషను భవనం.

బతికి బయటపడిన వాటిని చూస్తే కారణం తెలుస్తుంది. రెవరెండ్ పీటర్ డెన్నీ రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మొదలుపెట్టిన బకింగ్‌హామ్ బ్రాంచి అనే లేఅవుట్ ఇప్పటికీ నడుస్తోంది. ఆయన 2009లో పోయారు. దాన్ని తీసుకున్నది ఆ లైనును ఏళ్లుగా ఎరిగిన మరో మోడలరు. ఆ లైనులో రైళ్లు టైంటేబుల్ ప్రకారం, గంట మోగించే సంకేతాలతో నడుస్తాయి. ఏ గంట మోగితే ఏ రైలు కదలాలో ఎరిగిన మనిషి దొరకబట్టే అది మ్యూజియం వస్తువు కాకుండా రైలు మార్గంగానే మిగిలింది. జాన్ అహెర్న్ కట్టిన మ్యాడర్ వ్యాలీ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని పెండన్ మ్యూజియానికి చేరింది. అహెర్న్ 1961లో పోయినా దాన్ని ఇంకా చూడగలుగుతున్నాం. ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మన లేఅవుట్ ఆ కోవలోకి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. దాన్ని పలకలు పలకలుగా విడదీసేలా కట్టుకుంటే కనీసం ఒక మూల అయినా ఎవరికైనా పనికొస్తుంది.

ఇక సామాను సంగతి. దీనికి దారులు ఉన్నాయి, ఒక్కో దారికి ఒక్కో ఖరీదు ఉంది.

డీలరు దారి అన్నిటికంటే తేలిక. ఒక్క ఫోను చేస్తే వ్యాను వేసుకుని వస్తారు, మధ్యాహ్నానికి గది ఖాళీ, సాయంత్రానికి బ్యాంకులో డబ్బు. అమ్మకానికి పెట్టే ధరలో సగం దాటి ఇస్తారని అనుకోకూడదు. వాళ్లు శుభ్రం చేయాలి, నడిపి చూడాలి, గ్యారంటీ ఇవ్వాలి, అమ్ముడుపోని వాటిని మోయాలి. అది అన్యాయం కాదు. 1946 నుంచి ఈ వ్యాపారంలో ఉండి పాత సేకరణలను పెద్ద ఎత్తున కొన్న హ్యాటన్స్ లాంటి సంస్థే 2024లో మూతపడింది. ఈ వ్యాపారంలో లాభం మనం అనుకున్నంత ఉండదు.

నా ఫిర్యాదు ధర మీద కాదు. పైన చెప్పిన పెద్దాయన సామాను డీలరే తీసుకున్నారు. ఆయన ఇత్తడి రేకు కోసి, రెండు శీతాకాలాలు కూర్చుని టంకం పెట్టి చేసుకున్న ట్యాంక్ ఇంజిను ఒకటి అందులో ఉంది. చక్రాలు ఈఎమ్ గేజివి. అంటే పట్టాల మధ్య దూరం 18.2 మిల్లీమీటర్లు. బ్రిటన్‌లో ఎక్కువ మంది వాడే డబుల్ ఓ అనే కొలత పట్టాలకు అది 16.5. డీలరు మనిషి దాన్ని మామూలు పట్టా మీద పెట్టాడు, చక్రం కూర్చోలేదు. "పాడైంది" అని రాసి చిల్లర పెట్టెలో వేశాడు, ఐదు పౌండ్లు. నేను ఆ రోజు అక్కడ లేను. తర్వాత ఆ ఇంటావిడ నాకు రసీదు చూపించినప్పుడు తెలిసింది. ఆ ఇంజినులో లోపం ఏమీ లేదు. దానికి సరిపోయే పట్టా ఏదో చెప్పగల మనిషి మాత్రం ఆ గదిలో లేడు.

నా దృష్టిలో మొత్తం ప్రశ్న ఇక్కడే తేలుతుంది. ఏ దారిన పోయినా, పెట్టె తెరిచి ఇది ఫలానా అని పేరు చెప్పగల మనిషి ఉన్నాడా లేడా అన్నదే సేకరణ గతిని నిర్ణయిస్తుంది. కమిషను ఎంత, వ్యాను ఖర్చు ఎంత అన్నవి ఆ తర్వాతి లెక్కలు. పేరు పోయిన వస్తువు చిల్లర సామాను అవుతుంది. మన ఇంట్లో ఆ పేర్లన్నీ తెలిసిన మనిషి ఒక్కడే. ఆ ఒక్కడే పోతున్నాడు.

వేలం సంస్థల దగ్గర ఆ పేరు చెప్పగల వాళ్లు ఉంటారు, కనీసం బొమ్మల వేలానికి పేరున్న సంస్థల్లో ఉంటారు. యుద్ధానికి ముందరి రేకు రైళ్లు, జపాన్, కొరియాల్లో చేసిన ఇత్తడి ఇంజిన్లు, పెట్టె చెదరని హార్న్‌బీ డబ్లో (పాత బ్రిటిష్ బొమ్మ రైళ్ల రకం) ఉంటే వేలమే సరైన చోటు. ఇద్దరు పట్టుదలతో పాడితే డీలరు కలలో కూడా ఇవ్వని ధర వస్తుంది. అమ్మకందారు కమిషను, దాని మీద 20 శాతం వ్యాట్, కొన్నిచోట్ల ఫోటోల ఖర్చు పోతాయి. డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది. సాధారణ వ్యాగన్లను మాత్రం ముప్పై కలిపి ఒకే లాటుగా పాడేస్తారు, వాటి సంగతి డీలరు దారి కంటే గొప్పగా ఏమీ ఉండదు.

డబ్లో గురించి ఒక మాట. ఇది 1938లో మార్కెట్లోకి వచ్చింది. 1950లలో దాంతో ఆడుకున్న పిల్లలు ఇప్పుడు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్నారు. కొనే వాళ్లే అమ్మే వాళ్లవుతున్నారు. అందుకని పదేళ్ల కిందటి ధరల పట్టిక పట్టుకుని కూర్చోవద్దు. ఆ కాలపు పోత లోహంలో ఇంకో జబ్బు కూడా ఉంది. జింకు మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కలిస్తే ఏళ్లు గడిచే కొద్దీ లోహం ఉబ్బి, పగిలి, పొడి అవుతుంది. ఇరవై ఏళ్లు తెరవని పెట్టె తెరిస్తే, పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, చేత్తో ఎత్తగానే అడుగు భాగం బిస్కట్టు ముక్కల్లా రాలుతుంది. నా చేతుల్లోనే ఒకటి అలా రాలింది. సేకరణను దాచడం అంటే ముట్టకుండా ఉంచడం కాదని ఆ రోజు అర్థమైంది.

ఇంటర్నెట్‌లో ఒక్కొక్కటిగా అమ్మితే చేతికి వచ్చే మొత్తం అన్నిటికంటే ఎక్కువ. ప్రతి ఇంజినూ నడిపి చూడాలి, నాలుగు వైపులా ఫోటో తీయాలి, సరిగ్గా చుట్టాలి, దారిలో బఫరు విరిగిందని తిరిగొస్తే వాపసు ఇవ్వాలి. రెండు వందల వస్తువులకు ఇది ఏడాది పని. భర్త పోయిన ఇల్లాలి మీద ఈ పని పెట్టకూడదు. కానీ మనం బతికుండగా, ఓపిక ఉండగా, మనకు అక్కర్లేని వాటిని మనమే అమ్ముకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు. నేను ఈ వేసవిలో పద్నాలుగు ఇంజిన్లు అలాగే వదిలించుకున్నాను. వాటిని నేను ఎనిమిదేళ్లుగా పట్టాల మీద పెట్టనే లేదు.

మ్యూజియాలు సాధారణంగా తీసుకోవు. చరిత్రలో స్థానం ఉన్న నమూనా అయితే తప్ప మర్యాదగా ఉత్తరం రాసి వద్దంటారు. తీసుకున్నా గోదాములో పెడతారు.

పిల్లలకు వదిలేయడం గురించి కూడా ఎక్కువ చెప్పేది లేదు. వాళ్లకు ప్రేమ లేక కాదు, ఇళ్లలో చోటు లేక. తలా ఒక ఇంజిను వాళ్లనే ఏరుకోమనడం మంచిది. కుటుంబం మొత్తంగా అందుకున్న ఉదాహరణ మన దేశంలోనే ఉంది. పుణెలో బి.ఎస్. జోషి 1998లో సూక్ష్మ రైల్వేల మ్యూజియం తెరిచారు, ఆయన తర్వాత ఇంటివాళ్లే దాన్ని నడుపుతూ వచ్చారు. పుణె వెళ్లే తెలుగు వాళ్లు కర్వే రోడ్డు వైపు పోయి తప్పక చూడండి. అయితే అక్కడ ఇంటిల్లిపాదికీ ఆ పని ముందే చేతనవును. మన పిల్లలకు ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడ ఆపాలో కూడా మనం చూపించలేదు.

ఇక నేను ఎంచుకున్నది క్లబ్బు దారి. మా దగ్గర పద్ధతి ఇది: పోయిన సభ్యుడి సామాను కుటుంబం కోరితే ఇద్దరు సభ్యులు పట్టిక వేస్తారు, ముందు సభ్యులకు చూపిస్తారు, మిగిలింది ఎగ్జిబిషన్లలో క్లబ్బు బల్ల మీద అమ్ముతారు. పదో వంతు క్లబ్బుకు, మిగతాది ఇంటికి. దీనికి లోపాలు లేకపోలేదు. నెమ్మది. పోయినేడాది ఒకరి సామాను తెమలడానికి పదకొండు నెలలు పట్టింది. చేసేది స్నేహితులే కాబట్టి ధర గట్టిగా అడగడానికి కుటుంబం మొహమాటపడుతుంది. స్నేహితుడే కొనుక్కుంటే ధర ఎవరు కట్టాలన్న ఇబ్బంది ఉంటుంది. అందుకే మేం ఒక నియమం పెట్టుకున్నాం, పట్టిక వేసిన వాళ్లు అందులోంచి ఏదీ కొనకూడదు.

ఆ పదకొండు నెలల సామాను గురించి చెప్పాలి. ఆయన ప్రతి పెట్టె మూత లోపల పెన్సిలుతో నాలుగు ముక్కలు రాసుకున్నారు: ఏ తేదీన కొన్నది, ఎక్కడ, ఎంతకు, ఎప్పుడు నూనె వేసింది. చక్రాలు మారిస్తే అది కూడా. కొన్ని మూతల మీద పిల్లి తోసేసిందని, మనవడు మొదటిసారి నడిపాడని కూడా ఉంది. ఆ పెన్సిలు రాత చూసి కొనుక్కున్న వాళ్లు ఉన్నారు. డీలరు మొత్తానికి ఆరు వేల పౌండ్లు ఇస్తానన్నారు. క్లబ్బు వాటా తీసేశాక ఆ ఇంటికి పది వేలు దాటి చేరింది. పాత డబ్లో పెట్టెలు ఇరవై మూడు మాత్రం మేమే వేలానికి పంపించాం, అవి మా చేతికి మించినవి.

కాబట్టి నాకు నచ్చిన ఏర్పాటు ఇది: అరుదైనవి వేలానికి, మిగతావి క్లబ్బుకు, రెండింటికీ ముందు ఒక పట్టిక, ఆ పట్టిక చదవగల ఒక మనిషి. దగ్గర్లో క్లబ్బు లేని వాళ్లు, ఇల్లు వెంటనే ఖాళీ చేయాల్సిన వాళ్లు డీలరునే పిలవండి. పట్టిక చేతిలో ఉంటే ఆ బేరం కూడా ఐదు పౌండ్ల బేరం కాదు.

పట్టికలో ధర కంటే ముందు రాయాల్సింది, ఏది మీది కాదు అన్నది. క్లబ్బు గదిలో ఎవరి ఇంజిన్లు ఎవరి పెట్టెల్లో ఉన్నాయో చూస్తే గుండె ఆగుతుంది. అరువు తెచ్చినవి, అరువు ఇచ్చినవి వేరుగా రాయండి. ఇంగ్లండులో ఉన్న వాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఫలానా ఇంజిను ఫలానా వారికని కాగితం మీద రాసి సొరుగులో పెడితే అది కోరిక మాత్రమే, కట్టుబాటు కాదు. కచ్చితంగా చేరాలంటే వీలునామాలోకి ఎక్కాలి.

మా క్లబ్బులో ఇరవై నాలుగేళ్ల కుర్రాడు ఒకడున్నాడు, సిగ్నలింగ్ అప్రెంటిసు. నా పట్టిక వాడికీ మా ఆవిడకూ చెరొకటి ఇచ్చాను. నెలకొక శనివారం వాడు మా ఇంటికి వస్తాడు. పెట్టెలు ఒక్కొక్కటీ తెరిచి, నడిపి, మూత లోపల ఏమి రాయాలో ఇద్దరం మాట్లాడుకుని రాస్తాం. మా ఆవిడ టీ తెచ్చి కాసేపు కూర్చుంటుంది. ఇప్పటికి పంతొమ్మిది పెట్టెలయ్యాయి. పోయిన శనివారం ఇరవయ్యోది తెరవబోతుంటే ఆమే ముందు చెప్పింది, "ఇది ఆకుపచ్చది కదండీ, ఒక చక్రం కీచుమనేది."