ఎంవీపీ కాలనీలో ఆదివారం ఫిజిక్స్ క్లాసు: ఆరు నెలలు పంపాక రాస్తున్నా

మా పాప ఇంటర్ సెకండియర్, బాబు ఆరో తరగతి. విశాఖ ఎంవీపీ కాలనీలో రైతు బజార్‌కి దగ్గర్లో ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ గారు తన ఇంటి డాబా మీద ఆదివారం క్లాసు నడుపుతున్నారు. ఇద్దర్నీ జూన్ నుంచి అక్కడికే పంపుతున్నాం. బోర్డు లేదు, పాంప్లెట్లు లేవు, మాకూ పక్కింటివాళ్లు చెబితేనే తెలిసింది. ఒక్కొక్కరికి నెలకి 1,200. ఆరు, ఏడు తరగతులు ఒక బ్యాచ్, ఎనిమిది నుంచి పది దాకా ఇంకోటి, ఇంటర్ వాళ్లది వేరు. నెలలో మొదటి ఆదివారం మాత్రం మూడు బ్యాచ్‌లనీ కలిపి కూర్చోబెడతారు, ఆ రోజు తల్లిదండ్రులు వెనక కూర్చుని చూడొచ్చు. నేను నాలుగుసార్లు కూర్చున్నాను, ఈ రివ్యూ అక్కడ చూసిన దాని గురించే.

ముందు ఒక మాట చెప్పాలి. పాప చదివే కాలేజీలో సింపుల్ పెండ్యులం (దారానికి బరువు కట్టి ఊపడం) ప్రాక్టికల్‌కి రీడింగులన్నీ బోర్డు మీద రాసేసి రికార్డులో ఎక్కించమన్నారు. సెక్షన్ మొత్తానికీ అవే అంకెలు, చివర్లో జీ (భూమి ఆకర్షణతో వచ్చే త్వరణం) విలువ అందరికీ 9.8. దారం ఎవరూ ముట్టుకోలేదు. పాపకి మార్కులు పడ్డాయి, కానీ రెండు వారాల తర్వాత ఆ దారం పొడవు పెంచితే ఏమవుతుందని అడిగితే నా మొహం చూసింది. నాకు చాలా బాధేసింది.

ఇక్కడ చేసింది కూడా పెండ్యులమే. కిటికీ గ్రిల్‌కి దారం, చివర ఒక ఇనప నట్టు, ఫోన్లో స్టాప్‌వాచ్, ఇంతే సామాను. మేడమ్ మొదట చిన్నపిల్లల్ని అడిగారు: "చిన్న నట్టు కట్టాను, రేపు దీని బదులు పెద్ద నట్టు కడితే తొందరగా ఊగుతుందా, మెల్లగా ఊగుతుందా, చెప్పండి నాన్నా." మా వాడితో సహా ఎక్కువమంది పెద్దదే తొందరగా అన్నారు. తప్పని ఆవిడ అనలేదు, రెండూ కట్టించి 20 ఊపులకి (వెళ్లి తిరిగొస్తే ఒక ఊపు) ఎంత పడుతుందో వాళ్లచేతే లెక్కపెట్టించారు. రెండింటికీ ఇంచుమించు ఒకే టైము వచ్చింది. వాళ్లు నమ్మలేదు, మళ్లీ చేశారు, మళ్లీ అంతే. ఆ బ్యాచ్‌కి ఆ రోజు అక్కడితో సరి, ఫార్ములా ఊసే లేదు. డోలనం అనే మాట కూడా ఊపుల్ని పదిసార్లు లెక్కపెట్టాకే చెప్పారు. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది, ముందు వస్తువు, తర్వాత పేరు.

రెండో బ్యాచ్ పిల్లలకీ అదే దారం ఇచ్చి, పొడవు 25, 50, 75, 100 సెంటీమీటర్లకి మార్చి ఒక్క ఊపు టైము కనుక్కోమన్నారు. సుమారు 1, 1.42, 1.74, 2 సెకన్లు వచ్చాయి. గ్రాఫ్ గీస్తే గీత వంగింది. "టైముని టైముతోనే గుణించి మళ్లీ గీయండర్రా" అన్నారు. అప్పుడు 1, 2, 3, 4 వరసగా వచ్చి గీత తిన్నగా నిలబడేసరికి ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి గ్రాఫ్ కాగితం పట్టుకుని లేచి నిలబడిపోయింది. నాకూ వర్గం ఎందుకు తీసుకుంటారో ఆ రోజే అర్థమైంది, నేను స్కూల్లో బట్టీ పట్టిన ఫార్ములాలో ఆ రూట్ ఎక్కడ నుంచి వచ్చిందో ఎవరూ చూపించలేదు.

ఇక ఇంటర్ పిల్లలు. మీటరు దారానికి 20 ఊపులు కొలిచి జీ కట్టాలి. మా పాపకి 38 సెకన్లు చిల్లర వచ్చింది, లెక్కవేస్తే జీ 10.9 దగ్గర తేలింది. పాప వెంటనే కొట్టేసి 9.8 రాయబోయింది. మేడమ్ చెయ్యి పట్టుకుని ఆపి, "నీకొచ్చిందే రాయమ్మా, తేడా ఎక్కడుందో వెతుకుదాం" అన్నారు. మళ్లీ ఊపించి పక్కనే నిలబడి విన్నారు. పాప నట్టుని వదులుతూనే "ఒకటి" అంటోంది. అంటే 20 అనేసరికి అయినవి 19 ఊపులే. వదిలేటప్పుడు సున్నా అని మొదలుపెడితే 40 సెకన్లు దాటింది, జీ 9.8 వచ్చింది. పొడవు కూడా ముడి దాకా కాదు, నట్టు మధ్య దాకా కొలవాలని అప్పుడే చెప్పారు. ఆ తప్పు పాప రికార్డులో ఇంకా అలాగే ఉంది, కింద కారణం రాసి ఉంది. నేను కట్టిన ఫీజు అంతా ఆ ఒక్క పేజీకే చెల్లిపోయిందని నా నమ్మకం.

ఇంకో నెల నీళ్ల సీసాలో పెన్ను మూత. మూత కొసకి బంకమట్టి అంటించి, తెరిచిన నోరు కిందకి ఉండేలా నిండు సీసాలో వేసి, సీసా మూత బిగించి సీసాని నొక్కితే పెన్ను మూత మునుగుతుంది, వదిలితే తేలుతుంది. నొక్కినప్పుడు లోపలి గాలి కుంచించుకుపోయి నీళ్లు ఎక్కుతాయని పిల్లలు కళ్లు దగ్గర పెట్టి చూశారు. పై ఆదివారం ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి తీసుకెళ్లారు. అందులో అయితే ట్యాంకుల్లోకి నీళ్లు వదిలితే మునుగుతుంది, ఒత్తిడి గాలితో ఆ నీళ్లని బయటికి తోసేస్తే పైకొస్తుంది, పెన్ను మూతకీ దానికీ ఎక్కడ పోలిక, ఎక్కడ తేడా అని లోపల నడుస్తున్నంతసేపూ పిల్లల్ని అడుగుతూనే ఉన్నారు. విశాఖలో పుట్టి పెరిగి ఆ మ్యూజియానికి ఎన్నిసార్లు వెళ్లినా నేను ఈ దృష్టితో చూడలేదు.

బాగోనివి కూడా చెప్పాలి. పదో తరగతి వాళ్లకి కరెంటు పాఠం హడావుడిగా అయిపోయింది. పన్నెండుమందికి రెండే మీటర్లు, సగంమంది చూస్తూ కూర్చున్నారు. వోల్టు మీటరు పక్కన సమాంతరంగా కలపాలని, ఆమ్మీటరు వరసలో కలపాలని చేత్తో చేస్తేనే గుర్తుంటుంది, చూస్తే ఉండదు. ఈ విషయం మేడమ్‌కి చెప్పాను, ఇంకో సెట్టు కొంటానన్నారు, ఇంకా రాలేదు. కాంతి పాఠానికి ఎండ కావాలి కదా, ఆగస్టులో రెండు వారాలు మబ్బు పట్టి వాయిదా పడింది, బదులు క్లాసు పెట్టలేదు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్), జేఈఈ లెక్కల ప్రాక్టీసు ఇక్కడ అస్సలు ఉండదు. మా పాపకి దానికి వేరే పంపాల్సి వస్తోంది, ఆదివారం పొద్దున్న ఇది, సాయంత్రం అది అంటే పిల్ల అలిసిపోతోంది. ర్యాంకు కోసమే చూసేవాళ్లకి ఇది సరిపోదు, ఆ సంగతి ఆవిడ చేరేటప్పుడే చెప్పేస్తారు.

ఆరు నుంచి తొమ్మిది దాకా చదివే పిల్లలుంటే మాత్రం కళ్లు మూసుకుని పంపండి. బాబు బ్యాచ్ నిండిపోయింది, రెండో బ్యాచ్‌లో రెండు సీట్లు ఉన్నాయని నిన్న చెప్పారు. అడగడానికి వెళ్తే తొమ్మిదింటి లోపే వెళ్లండి, క్లాసు మొదలయ్యాక ఆవిడ కిందికి రారు. పిల్లలకి స్కేలు, గ్రాఫ్ పుస్తకం, పెన్సిల్ ఇచ్చి పంపండి, పెన్నుతో రీడింగులు రాయనివ్వరు.