సెమిలిగూడ నుంచి దేవమాలికి గుంపుగా సైకిలు యాత్ర: ఒక సేవపై సమీక్ష

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సెమిలిగూడలో తెల్లవారుజామున బయలుదేరి, కుందులి మీదుగా దేవమాలి కొండపైకి వెళ్లి, చీకటి పడేలోగా తిరిగి అదే ఊరికి చేర్చే సైకిలు యాత్రను స్థానిక యువకుల బృందం ఒకటి చలికాలంలో నడుపుతోంది. విజయనగరం, సాలూరు, విశాఖపట్నం నుంచి ఘాట్ రోడ్డెక్కి వచ్చేవారితో పాటు, సునాబెడ విమాన ఇంజన్ల కర్మాగారాన్ని నమ్ముకుని స్థిరపడిన తెలుగు కుటుంబాలవారూ జయపురం తెలుగువారూ ఇందులో కలుస్తున్నారు. రుసుములో గేర్ల సైకిలు, హెల్మెట్, రెండు పూటల తిండి, వెంట వచ్చే జీపు అన్నీ కలిసే ఉన్నాయి. నిర్వాహకులు తెలుగు, ఒడియా, కొండల్లో అందరినీ కలిపే దేసియా, మూడూ ధారాళంగా మాట్లాడతారు.

దేవమాలి ఎత్తు 1672 మీటర్లు. ఒడిశాలో అంతకు మించిన శిఖరం లేదు. సెమిలిగూడ ఇప్పటికే 900 మీటర్లకు దగ్గరగా ఉన్న పీఠభూమి మీద ఉంది కనుక, పైకి ఎక్కవలసింది తక్కువేనని లెక్క వేసుకునేవారు ఉంటారు. అయితే దారి పొడవునా వాగులవైపు దిగుతూ మళ్లీ మిట్టలెక్కుతూ పోవడం వల్ల, కాళ్లు మోసే ఎత్తు ఆ తీసివేతలో వచ్చేదానికంటే చాలా ఎక్కువగా ఉంటుంది. రానూపోనూ దూరం 80 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది.

ఇలాంటి సేవ మంచిచెడ్డలను నేను ఒక్క విషయంతోనే తూచుతాను: గుంపులో అందరికంటే వెనుక పడినవారి పట్ల నిర్వాహకులు ఎలా ప్రవర్తిస్తున్నారు? మైదానంలో ఒకరి వెనుక ఒకరు దగ్గరగా తొక్కితే ముందున్నవారు గాలిని చీలుస్తారు కనుక వెనుకవారికి శ్రమ తగ్గుతుంది, గుంపు సహజంగానే ఒక్కటిగా నిలుస్తుంది. కొండ ఎక్కేటప్పుడు వేగం నడకకు కాస్త పైన ఉంటుంది. అక్కడ గాలి అడ్డు దాదాపు లేదు, మోయవలసింది ఎవరి బరువును వారే. అందుచేత బలహీనుడు బలవంతుడి వేగాన్ని పట్టుకోవాలని చూస్తే కొద్దిసేపట్లోనే ఊపిరి అందక చతికిలబడతాడు. ఈ బృందం ఆ సంగతిని బాగా ఎరిగినది. ఎక్కుడు మొదలయ్యే చోట ఎవరి వేగంతో వారు వెళ్లమని చెప్పి, దారి చీలిన ప్రతి చోటా అందరూ వచ్చేదాకా ఆగుతారు. ఒక మార్గదర్శి ముందు, మరొకరు అందరికంటే చివర ఉంటారు. చివరనున్నవారు ఏ పరిస్థితిలోనూ ఎవరినీ దాటి ముందుకు రారు. అరవై దాటిన ఒక పెద్దాయన ఆయాసపడుతూ జీపువైపు చూసినప్పుడు, ఆ చివరి కుర్రవాడు సైకిలు దిగి ఆయన పక్కన నడుస్తూ, "బాబాయ్ గారూ, మీ ఊపిరి లెక్కే మీకు లెక్క. జీపు ఎప్పుడైనా ఎక్కవచ్చు, తొందరేమీ లేదు" అన్నాడు. ఆయన చివరిదాకా తొక్కారు. అంతకంటే నన్ను ఆకట్టుకున్నది మరొకటి: వెనుకవారు వచ్చి చేరగానే ముందువారు కదిలిపోకుండా, ఆఖరున వచ్చినవారికి కూడా నీళ్లు తాగి కాళ్లు చాపుకునే వ్యవధి ఇచ్చారు. చాలా గుంపుల్లో విశ్రాంతి దక్కేది దాని అవసరం తక్కువగా ఉన్నవారికే.

కుందులిలో శుక్రవారం నాడు పెద్ద సంత జరుగుతుంది. చుట్టుపక్కల కొండ పల్లెల నుంచి పరజా, గదబ తెగల గిరిజన స్త్రీలు అల్లం, కూరగాయలు, చిరుధాన్యాలు తెచ్చి అమ్ముతారు. అక్కడ చోడి అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయలతో ఇచ్చిన ఉదయపు తిండి ఈ యాత్రకు సరిగ్గా సరిపోయింది. కడుపు బరువెక్కదు, నీరూ ఉప్పూ పిండిపదార్థమూ ఒకేసారి ఒంటికి అందుతాయి. మధ్యాహ్నం పెట్టిన అన్నం, పప్పు మామూలుగా ఉన్నాయి. దారికి ఇరువైపులా పూసిన వలిసె చేల మధ్య ఫొటోలకు అనుమతించినా, చేలల్లోకి అడుగు పెట్టనివ్వకపోవడం ఎంతో మెచ్చుకోదగిన పద్ధతి.

ఇక లోపాల సంగతి. దేవమాలి పైభాగమంతా గడ్డి కొండలే, చెట్టు నీడ లేదు. సరిగ్గా ఆ చివరి ఎక్కుడులోనే, నీళ్లున్న జీపు శిఖరం దగ్గరకు ముందే వెళ్లి నిలబడింది. నీళ్లు ఎక్కువ అవసరమైనది నెమ్మదిగా ఎండలో ఎక్కుతున్న వెనుకవారికి కాబట్టి, జీపు ఉండవలసిన చోటు చివరి సైకిలు వెనుకనే. మనిషిని చివర నిలిపిన బృందం నీళ్లను కూడా అక్కడే నిలపాలి.

రెండవది మరింత ముఖ్యమైనది. సైకిళ్లకు తీగతో పనిచేసే డిస్క్ బ్రేకులు ఉన్నాయి. వాటిలో ప్యాడ్లు అరిగినకొద్దీ తీగను బిగిస్తూ ఉండాలి, లేకపోతే లివరు హ్యాండిలు దాకా వచ్చినా పట్టు దొరకదు. నాకు ఇచ్చిన సైకిలు దిగుడు మొదట్లోనే అలా ఉంది. చెప్పగానే అక్కడికక్కడే బిగించారు. కానీ ఆ తనిఖీ ఉదయమే, ప్రతి సైకిలుకూ జరగవలసినది. దిగేటప్పుడు బ్రేకులను ఆపకుండా నొక్కి ఉంచితే అవి వేడెక్కి పట్టు కోల్పోతాయని, మలుపుకు ముందే వేగం తగ్గించి మలుపులో వదలాలని, ఇద్దరి మధ్య బాగా ఎడం ఉంచాలని వారు చక్కగా వివరించారు. అంత బాగా బోధించేవారు ప్యాడ్ల మందం చూడడానికి మరికొన్ని నిమిషాలు కేటాయించలేరని నేననుకోను.

గేర్ల ఎంపిక మాత్రం బాగుంది. ముందు చిన్న పళ్లచక్రం, వెనుక పెద్దది ఉండడంతో, పెడలు ఒక చుట్టు తిప్పితే వెనుక చక్రం పూర్తి చుట్టు కూడా తిరగనంత తేలిక గేరు దొరుకుతుంది. నిటారైన మలుపుల్లో కొత్తవారిని కాపాడేది అదే.

200 కిలోమీటర్ల బ్రెవెను (గడువు పెట్టి నడిపే దూరప్రయాణ సైకిలు యాత్రను) 13 గంటల 30 నిమిషాల గడువులో పూర్తి చేసే అలవాటున్నవారికి ఇక్కడి ఆగుళ్లు విసుగు పుట్టించవచ్చు. వారు వేరే గుంపు చూసుకోవడం మేలు. తల్లిదండ్రులతోనో, కొత్తగా తొక్కుతున్న స్నేహితులతోనో రావాలనుకునేవారికి ఈ బృందాన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. వీలైతే సంత ఉండే శుక్రవారాన్ని ఎంచుకోండి. ఉదయం మంచులో చలి గట్టిగా ఉంటుంది, దిగేటప్పుడు చెమట ఆరి ఇంకా చలేస్తుంది కనుక గాలి దూరని పలుచని కోటు వెంట ఉండాలి. పొట్టిగా ఉన్నవారు పేరు నమోదు చేసుకునేటప్పుడే తమ ఎత్తు చెప్పి చిన్న ఫ్రేము సైకిలు అట్టిపెట్టించుకోవాలి. వారి వద్ద అవి కొద్దిగానే ఉన్నాయి.