వీడియో పాఠమా, రాసిన పాఠమా: ఆన్‌లైన్ కోర్సుకి ఏది మేలు?

ఆన్‌లైన్ కోర్సు మొదలుపెడదామనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది మైక్ గురించి. ఏ మైక్ కొనాలి, లైట్లు ఎన్ని పెట్టాలి, ఎడిటింగ్‌కి ఏ సాఫ్ట్‌వేర్ బాగుంటుంది. అన్నీ అయ్యాక చివర్లో "ఒక పీడీఎఫ్ కూడా పెట్టేద్దామండీ" అంటారు, ఆ పీడీఎఫ్ ఏమిటా అని చూస్తే వీడియోలో చూపించిన స్లైడ్లే. నేనూ చాలాకాలం ఇలాగే చేశాను. ఈ వరస తిరగబడాలని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. ముందు రాసిన పాఠం, దాని వెంటే చేసి చూసే అభ్యాసాలు, ఆ తర్వాత అవసరమైనచోట మాత్రమే వీడియో.

నేను పాఠాలు తయారుచేసేది ఎరువుల షాపుల్లో, కిరాణా హోల్‌సేల్ కొట్లలో, మందుల ఏజెన్సీల్లో లెక్కలు చూసేవాళ్ల కోసం. ఎక్సెల్‌లో స్టాకు రాసుకోవడం, బిల్లు తయారుచేయడం, జీఎస్టీ లెక్క తేల్చడం. చాలామంది డిగ్రీ చదివినవాళ్లే, తెలుగులో చెప్తే చకచకా అందుకుంటారు, కాకపోతే నేర్చుకోవడానికి దొరికేది మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డాక ఒక అరగంట, అందులోనూ ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. కాబట్టి నేను చెప్పేది ఇలాంటి పనుల చదువుకే వర్తిస్తుంది. జాకెట్టు కటింగో, మగ్గం వర్కో నేర్పేవాళ్లయితే మరో ఆలోచన లేకుండా వీడియోనే చేయండి, సూది ఎటు నుంచి దిగి ఎటు తేలిందో మాటల్లో రాసి చూపించలేం.

వీడియో బలం ఏమిటో ముందు చెప్పాలి. పివట్ టేబుల్‌లో, అంటే పెద్ద లిస్టుని మొత్తాలుగా కుదించి చూపే ఎక్సెల్ సదుపాయంలో, ఒక కాలమ్ పేరు పట్టుకుని కిందున్న పెట్టెలోకి లాగితే టేబుల్ మొత్తం క్షణంలో మారిపోతుంది చూడండి, అది కంటితో చూడాల్సిందే, రాసి చెప్పబోతే పేజీ నిండుతుంది కానీ బోధపడదు. ఇంకోటి గొంతు. కంప్యూటరంటే బెరుకు ఉన్నవాళ్లకి "ఏం కాదండీ, తప్పు నొక్కినా కంట్రోల్ జడ్ కొడితే వెనక్కి వచ్చేస్తుంది" అని ఒక మనిషి తెలుగులో చెప్తే వచ్చే ధైర్యం అక్షరాల్లో అంతగా రాదు. అందుకే ప్రతి మాడ్యూల్ మొదట్లో రెండు నిమిషాల వీడియో ఇప్పటికీ పెడతాను.

అయితే ఎంతసేపు చూస్తారు? ఫిలిప్ గువో అనే పరిశోధకుడు మరో ఇద్దరితో కలిసి 2014లో ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదికలోని కోర్సుల మీద ఒక పరిశీలన చేశారు, దాదాపు 69 లక్షల వీడియో సెషన్ల లెక్కలు తీశారు. వీడియో ఎంత పొడుగున్నా, మధ్యస్థంగా చూస్తే జనం దాని ముందు నిలిచింది 6 నిమిషాలకు మించలేదు. స్లైడ్లు చూపిస్తూ చెప్పినవాటి కన్నా చేత్తో గీస్తూ చెప్పినవాటిని ఎక్కువసేపు చూశారు. ఇది తెలిశాక నేను నా 22 నిమిషాల వీ-లుకప్ పాఠాన్ని (కోడ్ ఇస్తే లిస్టులో వెతికి దాని ధర తెచ్చిపెట్టే ఎక్సెల్ ఫార్ములా అది) నాలుగు ముక్కలు చేశాను. చివరిదాకా చూసేవాళ్లు పెరిగారు. పని సొంతంగా చేయగలిగినవాళ్లు పెరగలేదు.

ఆ సంగతి ఒక ఫోన్‌కాల్‌తో తెలిసింది. తెనాలి వైపు ఎరువుల షాపులో పనిచేసే ఒకమ్మాయి, "మేడమ్, వీడియో మూడుసార్లు చూశానండీ, మీరు చేస్తుంటే అంతా అర్థమైంది, నేను చేస్తే ఒక సరుకు ధర తప్పు వస్తోంది" అంది. ఫైల్ పంపమన్నాను. ధరల షీట్‌లో సరుకుల కోడ్లు 101, 102, 104, 108 అని వరసగా ఉన్నాయి. బిల్లులో తను పొరపాటున 105 కొట్టింది. ఆ కోడ్ లిస్టులో లేనేలేదు, అయినా ఫార్ములా ఏ ఎర్రరూ చూపించకుండా 104 ధర తెచ్చి పెట్టేసింది. ఎందుకంటే చివర్లో రాయాల్సిన ఫాల్స్ అన్న మాట తను వదిలేసింది. అది లేకపోతే ఎక్సెల్ కచ్చితంగా అదే కోడ్ కావాలని పట్టుబట్టదు, దొరక్కపోతే దానికన్నా చిన్నవాటిలో దగ్గరదాన్ని పట్టుకొస్తుంది. ఫాల్స్ రాసి ఉంటే ఆ గడిలో ఎర్రర్ కనిపించేది, కోడ్ తప్పని అక్కడే తెలిసిపోయేది.

వీడియోలో నేను ఆ మాట చెప్పాను, మూడో ముక్కలో, ఒక్క వాక్యంగా. తను వీడియో చూసేది ఫోన్‌లో, పని చేసేది షాపు కంప్యూటర్‌లో. నా పెద్ద మానిటర్ మీద రికార్డు చేసిన ఎక్సెల్ తెర ఆ ఫోన్‌లో అరచేతంత అయిపోయి, ఫార్ములా బార్‌లో అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఆ ఒక్క వాక్యం మళ్లీ కావాలంటే వేలితో ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ నా మాటలన్నీ మళ్లీ వినాలి, ఎదురుగా రైతు బిల్లు కోసం నిలబడి ఉంటాడు. ఈ బాధ నేను కల్పించినదే కదా అనిపించి ఆ రాత్రికి రాత్రే అదే పాఠాన్ని రాశాను. ఫార్ములా పెద్ద అక్షరాల్లో, అందులోని నాలుగు భాగాలకి నాలుగు రంగులు, ఒక్కోదాని కింద ఒక్కో వాక్యం, ఆ తర్వాత "తప్పు ధర వస్తోందా?" అని ఒక చిన్న శీర్షిక, దాని కింద ఈ 105 సంగతి. చదవడానికి నాలుగైదు నిమిషాలు చాలు. వెతికితే మాట దొరుకుతుంది, ఫార్ములాని అక్కడి నుంచే కాపీ చేసుకోవచ్చు, డేటా కూడా పెద్దగా ఖర్చవదు.

రాసిన పాఠానికి ఇంకో పెద్ద లాభం మార్చుకోవడం. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులు ఎత్తేసినప్పుడు నా బిల్లు పాఠాల్లో నెయ్యి ఇంకా 12 శాతంలోనే ఉంది, అది 5కి వచ్చేసింది. సబ్బులు, షాంపూలు 18 నుంచి 5కి వచ్చాయి. రాసిన పేజీలు సరిచేయడానికి ఒక పూట పట్టింది. వీడియోల్లో మాత్రం 12 అని నా గొంతే చెప్తోంది, తెర మీద 12తో వేసిన మొత్తం కనిపిస్తోంది, తర్వాతి పాఠంలో ఆ మొత్తాన్నే వాడాను, అంటే ఒకటి మారిస్తే వరసగా ఐదు మార్చాలి. పన్ను రేట్లు, మెనూల పేర్లు, గడువు తేదీలు లాంటి మారేవి వీడియోలో పెట్టకూడదని అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాను.

రాసిన పాఠంలో లోపం లేదని కాదు. రాయడం రాకపోతే అది వీడియో కన్నా ఘోరంగా ఉంటుంది, తెలుగులో ఈ పని చేసేవాళ్లం ఇక్కడే ఎక్కువ తప్పులు చేస్తున్నాం. మన భాషలో తెరిచి, వెళ్లి, ఎంచుకుని, నొక్కి అంటూ పనులన్నీ ఒకే దారానికి గుచ్చేయవచ్చు, మాట్లాడేటప్పుడు అదే అందం. కానీ పాఠంలో "ఫైల్ తెరిచి, రెండో షీట్‌కి వెళ్లి, ధరల టేబుల్ ఎంచుకుని, డేటా ట్యాబ్‌లో సార్ట్ నొక్కి, కోడ్ కాలమ్ ఎంచుకుని ఓకే కొట్టండి" అని రాస్తే చదివేవాళ్లు ఒక ముక్క చదివి తెర వైపు చూసి, మళ్లీ పేజీకి వచ్చేసరికి ఎక్కడ ఆపారో తెలియక మొదటికి వెళ్తారు. ఒక పనికి ఒక వాక్యం, ప్రతి వాక్యం కొత్త లైన్లో, అంతే. జాగ్రత్త చెప్పాల్సి వస్తే పని కంటే ముందే చెప్పాలి, "ఓకే కొట్టండి, అయితే టేబుల్ మొత్తం ఎంచుకోకుండా కొడితే ధరలు తారుమారవుతాయి" అంటే అప్పటికే కొట్టేసి ఉంటారు.

పేర్ల విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. తెర మీద ఇన్సర్ట్ అని ఉంటే పాఠంలోనూ ఇన్సర్ట్ అనే ఉండాలి. "చొప్పించు" అని రాస్తే తెలుగు పెరగదు, పాపం వాళ్లు ఆ మాట కోసం మెనూ అంతా వెతుకుతారు. అదే వివరణ దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా తెలుగే కావాలి, అది కూడా "చేయవలెను" తెలుగు కాదు, పక్కన కూర్చుని చెప్పే తెలుగు. "అప్రాక్సిమేట్ మ్యాచ్" అని వదిలేసే బదులు "దగ్గరదాన్ని పట్టుకొస్తుంది" అంటే ఎవరికైనా వెలుగుతుంది కదా.

చాలామంది ఈ రెండూ కలిపేద్దాం అని, స్లైడ్ నిండా రాసి దాన్నే పైకి చదువుతూ రికార్డు చేస్తారు. దయచేసి అది మాత్రం వద్దు. బొమ్మతో పాటు గొంతు చెప్తున్న మాటలే తెర మీద అక్షరాలుగా కూడా నింపితే నేర్చుకోవడానికి అడ్డు పడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాల్లో తేలింది. లైవ్ క్లాసుల సంగతి ఒక్క ముక్కలో చెప్తాను, సందేహాలకి బంగారం, పాఠానికి దండగ, ఎందుకంటే షాపులో ఉన్నవాళ్లు ఆ టైంకి రాలేరు.

ఇంతా చెప్పాక అసలు సంగతి ఇంకోటుంది. 2015లో కెన్నెత్ కోడింగర్ అనే పరిశోధకుడి బృందం ఒక ఆన్‌లైన్ సైకాలజీ కోర్సు లెక్కలు చూస్తే, వీడియో చూడటం, పేజీ చదవడం, ఈ రెంటి ప్రభావం కన్నా అభ్యాసం చేయడం ప్రభావం ఆరు రెట్లు ఎక్కువని తేలింది. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చేసిన ప్రయోగంలోనూ అంతే, ఒక వ్యాసాన్ని నాలుగుసార్లు చదివినవాళ్లకి వారం తర్వాత గుర్తున్నది 40 శాతం, ఒక్కసారి చదివి మూడుసార్లు చూడకుండా రాసినవాళ్లకి 61 శాతం. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మాత్రం చదివినవాళ్లదే పైచేయి, అందుకే "అర్థమైందండీ" అన్న మాటని పాఠం అయిన వెంటనే నమ్మకూడదు. కేంద్ర ప్రభుత్వం నడిపే 'స్వయం' అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో వీడియో, చదువుకునే పాఠం, ప్రశ్నలు, చర్చ అని నాలుగు భాగాలు ఉండాలంటారు, మంచి నియమమే, కానీ తయారుచేసేవాళ్ల శ్రమంతా మొదటి భాగానికే పోయి ప్రశ్నలు చివరి రాత్రి రాసినట్టు ఉంటే లాభం లేదు.

"వీ-లుకప్ అంటే ఏమిటి?" అని నాలుగు జవాబులు ఇస్తే అది అభ్యాసం కాదు. "కింది వాటిలో సరికానిది కానిది ఏది?" లాంటివి తెలుగుకి పరీక్ష, పనికి కాదు. నేను ఇప్పుడు ఇచ్చేది ఒక ఫైల్, అందులో పది లైన్ల బిల్లు, ఒక్క లైన్లో ధర తప్పు. ఎక్కడ, ఎందుకు? ఎంచుకోవడానికి ఇచ్చే జవాబుల్లోని తప్పులన్నీ నిజంగా జనం చేసినవే: టేబుల్‌కి డాలర్ గుర్తులు పెట్టకపోవడం, కాలమ్ నంబర్ ఒకటి తక్కువ లెక్కపెట్టడం, ఫాల్స్ వదిలేయడం. ఏది నొక్కినా "తప్పు, మళ్లీ ప్రయత్నించండి" అని రాదు. "డాలర్ లేకపోతే ఫార్ములా కిందికి లాగిన కొద్దీ టేబుల్ కూడా కిందికి జరుగుతుంది, అలా జరిగిందేమో ఆరో లైన్ చూడండి" అని వస్తుంది. ఇలాంటి ఒక్క ప్రశ్న రాయడానికి గంట పడుతుంది, ఆ గంట ఇవ్వండి.

పది రోజులుంటే నేను నాలుగు రోజులు అభ్యాసాలకి, నాలుగు రోజులు రాతకి, రెండు రోజులు వీడియోలకి ఇస్తాను. ఇప్పటికే నలభై వీడియోలు చేసి పెట్టుకున్నవాళ్లు వాటిని తీసేయాల్సిన పని లేదు. ఏ మూడు పాఠాల మీద ఎక్కువ ఫోన్లు వస్తున్నాయో చూసి, ఆ మూడింటి కింద ఒక్కో పేజీ రాయండి. రాశాక కోర్సు అసలు చూడని ఒకరికి ఇచ్చి, పక్కన కూర్చుని, నోరు మెదపకుండా, వాళ్ల కళ్లు ఎక్కడ ఆగుతున్నాయో గమనించండి. ఆగిన ప్రతి చోటా వాక్యం మార్చాలి.