కాసా సెనోటే: మొదటి డైవ్‌కి సరైన నీళ్లు

మెక్సికోలో తులుమ్‌కి ఉత్తరాన, సముద్రానికి కూతవేటు దూరంలో ఉంది కాసా సెనోటే. సెనోటే అంటే సున్నపురాయి నేల కుంగి ఏర్పడిన నీటిగుంట. ఇది చాలా సెనోటేల్లా చీకటి గుహ కాదు. మడచెట్ల మధ్య పైకప్పు లేని వాగులా ఉంటుంది. లోతు సుమారు 8 మీటర్లే. స్నార్కెలింగ్‌కైతే (గొట్టంతో గాలి పీల్చుతూ నీటిపైనే ఈదడం) మడవేళ్ల అంచు వెంబడే ఈదండి, చిన్న చేపలన్నీ అక్కడే. మధ్యలో పెద్దగా ఏమీ ఉండదు.

డైవ్‌లో కాస్త కిందికి దిగగానే నీళ్లలో నూనె కలిపినట్టు చూపు అలుక్కుపోతుంది. మాస్క్ తప్పు కాదు, పైనున్న మంచినీళ్లూ కిందున్న ఉప్పునీళ్లూ కలిసే పొర అది. ముందువాళ్ల ఫిన్స్ (కాళ్లకి తొడిగే ఈత రెక్కలు) దాన్ని కలియబెడతాయి కనుక వాళ్ల వెనకే కాకుండా పక్కన ఈదండి.

నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉంటాయి. హాయిగానే అనిపిస్తాయి గానీ ముప్పావుగంటకి వణుకు మొదలవుతుంది. 5 మిల్లీమీటర్ల మందమున్న వెట్‌సూట్ (ఒంటి వేడిని ఆపే రబ్బరు దుస్తులు) అడగండి. మంచినీళ్లు ఉప్పునీళ్లంతగా తేల్చవు కనుక, మునగడానికి సముద్రంలో నడుముకి కట్టుకునే బరువులో సుమారు 2 కిలోలు తగ్గించాలి. లేకపోతే అడుగుకి జారి, బురద లేపి అందరి చూపూ చెడగొడతారు. లోతు తక్కువే కదా అని చెవుల్ని మరవద్దు. మొదటి మీటరు నుంచే ముక్కు మూసి మెల్లగా ఊదాలి. సన్‌స్క్రీన్ పూసుకుని దిగొద్దు, పొడుగు చేతుల చొక్కా చాలు.